కొండరాళ్ళు చెప్పినది, కవి విన్నది: విక్టోరియా యుగంలో శాస్త్రమూ సాహిత్యమూ

సభకు నమస్కారం.

విక్టోరియా మహారాణి కాలపు ఇంగ్లండు గురించి గుంటూరులో మాట్లాడటానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. దానితోనే మొదలుపెడతాను. 1868 ఆగస్టు 18న ఈ ఊళ్ళో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. దాన్ని పరిశీలించడానికి పియర్ జాన్సెన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త, కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శిని వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చాడు. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పేసిన ఆ కొద్ది నిమిషాల్లో, అంచున ఎగసిపడుతున్న జ్వాలల కాంతిలో ఆయనకు మెరిసే గీతలు కనిపించాయి. అవి ఎంత ప్రకాశవంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేని రోజున కూడా వీటిని చూడవచ్చని ఆయనకు తట్టింది. మర్నాడు ఉదయం అలాగే చూశాడు కూడా. ఈ సంగతి తెలిపే ఉత్తరం ప్యారిస్ చేరే వేళకు, లండనులో యుద్ధశాఖ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసుకుంటూ తీరిక వేళల్లో ఆకాశాన్ని పరిశీలించే నార్మన్ లాకియర్ అదే పద్ధతిని స్వయంగా కనిపెట్టి తానూ ఉత్తరం పంపాడు. రెండు ఉత్తరాలూ ఫ్రెంచి శాస్త్ర అకాడమీ ముందుకు ఒకే రోజున వచ్చాయి. ఆ జ్వాలల కాంతిలోని ఒక పసుపు గీతను పట్టుకునే, భూమ్మీద అప్పటికి ఎవరూ ఎరగని ఒక మూలకం ఉందని లాకియర్ ఊహించాడు. దాన్నే మనం హీలియం అంటున్నాం.

ఈ కథ గుంటూరు వాళ్ళలో చాలామందికి తెలిసినదే. ఆ తర్వాత జరిగినది అంతగా తెలియదు. మరుసటి ఏడాది, 1869 నవంబరు 4న, లాకియర్ 'నేచర్' అనే వారపత్రికను ప్రారంభించాడు. ఈనాటికీ ప్రపంచంలో అగ్రశ్రేణి శాస్త్రపత్రికల్లో అది ఒకటి. దాని శీర్షిక కింద వర్డ్స్‌వర్త్ కవితాపాదం ఒకటి అచ్చువేశాడు. తొలి సంచికను థామస్ హక్స్‌లీ చేత ప్రారంభింపజేస్తే, ఆ జీవశాస్త్రవేత్త అందులో తన పరిశోధనను ఇవ్వలేదు, ప్రకృతి మీద జర్మన్ కవి గోథే పేర వచ్చిన సూక్తులను అనువదించి ఇచ్చాడు. మరో నలభై ఏళ్ళకు, 1910లో, ముసలితనంలో ఉన్న లాకియర్ తన కూతురితో కలిసి ఒక పుస్తకం వేశాడు. మహాకవి టెన్నిసన్ ప్రకృతి శాస్త్రాలను ఎంత శ్రద్ధగా చదివి తన పద్యాల్లోకి తెచ్చుకున్నాడో చూపించే పుస్తకం అది. సూర్యుడిలో కొత్త మూలకాన్ని ఊహించిన మనిషి చివరి రోజుల్లో ఒక కవి పద్యాలకు వ్యాఖ్యానం రాస్తూ కూర్చున్నాడంటే, ఆ కాలాన్ని అర్థం చేసుకోవడానికి అంతకంటే మంచి ద్వారం నాకు దొరకలేదు.

'కావ్యశాస్త్ర వినోదేన కాలో గచ్ఛతి ధీమతామ్' అని మన పెద్దలు ఒకే సమాసంలో ఆ రెంటినీ కలిపి పలికారు. మన భాషలో అలంకారశాస్త్రమూ శాస్త్రమే, భౌతికశాస్త్రమూ శాస్త్రమే. ఇంగ్లీషులో అప్పుడప్పుడే ఆ మాటలు విడిపోతున్నాయి. 1833లో శాస్త్రాభివృద్ధి కోసం ఏర్పడిన బ్రిటిష్ అసోసియేషన్ సభ కేంబ్రిడ్జిలో జరిగినప్పుడు, ప్రకృతిని పరిశోధించేవాళ్ళు తమను తాము తత్త్వవేత్తలని పిలుచుకోవడం తగదని సభలో ఉన్న కవి కోల్‌రిడ్జ్ అభ్యంతరం చెప్పాడు. అయితే ఏమని పిలవాలి అన్న ప్రశ్నకు కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూయెల్ 'ఆర్టిస్ట్' అనే మాట ఒరవడిలో 'సైంటిస్ట్' అని సూచించాడు. ఆ మాట అచ్చులోకి వచ్చింది 1834లో, మేరీ సోమర్‌విల్ అనే విదుషి రాసిన భౌతికశాస్త్ర గ్రంథానికి హ్యూయెల్ చేసిన సమీక్షలో. శాస్త్రవేత్త అనే మాట పుట్టిన గదిలో ఒక కవి ఉన్నాడు, దాన్ని అచ్చులోకి తెచ్చిన సందర్భం ఒక పుస్తక సమీక్ష. ఈ రెండు సంగతులనూ గుర్తుంచుకోమని మనవి.

నేను ఈ సాయంత్రం చెప్పదలచినది ఒక్కటే. ఆ కాలంలో సాహిత్యం శాస్త్రం నుంచి విషయాలు అరువు తెచ్చుకుని అలంకరించిందనే మాట సరిపోదు. ఇద్దరికీ పాఠకుడు ఒక్కడే, భాష ఒక్కటే. శాస్త్రవేత్త సామాన్య పాఠకుడికి అర్థమయ్యే వచనం రాయవలసి వచ్చింది. కనుకనే కవీ, నవలాకారుడూ ఆ వచనాన్ని చదివి, ఎదురు నిలిచి, 'ఇది నిజమైతే చచ్చిపోయిన నా స్నేహితుడి మాటేమిటి' అని అడగగలిగారు.

ఈ ప్రశ్న ఎక్కడ పుట్టిందో చూడాలంటే ముందు ఒక రాతి స్తంభాన్ని చూడాలి. 1830 నుంచి 1833 వరకు చార్లెస్ లయెల్ మూడు సంపుటాలుగా ప్రచురించిన భూగర్భశాస్త్ర గ్రంథంలో మొదటి సంపుటం ముఖచిత్రం, ఇటలీలోని పొజ్జువోలి దగ్గర సముద్రతీరాన నిలిచి ఉన్న రోమన్ కట్టడపు మూడు స్తంభాలది. ఆ స్తంభాలకు కింది భాగం నున్నగా ఉంటుంది. దాని పైన ఒక పట్టీలాగా చుట్టూ చిన్న చిన్న తొర్రలు ఉంటాయి. రాతిని తొలిచే సముద్రపు ఆల్చిప్పజాతి జీవులు చేసిన తొర్రలవి. అంటే రోమన్లు కట్టిన తర్వాత ఆ నేల నెమ్మదిగా సముద్రంలోకి కుంగింది, మళ్ళీ నెమ్మదిగా పైకి లేచింది. స్తంభాలు మాత్రం కూలలేదు. లయెల్ వాదమంతా ఆ బొమ్మలోనే ఉంది. మహాప్రళయాలు అక్కరలేదు. వాన, నది, అల, అగ్నిపర్వతం ఈ రోజు చేస్తున్న పనినే ఊహకందనంత కాలం చేస్తూ పోతే చాలు, కొండలు అరిగిపోతాయి, సముద్రపు అడుగు మైదానమవుతుంది. ఇంగ్లీషు బైబిళ్ళ అంచుల్లో సృష్టి సంవత్సరం క్రీస్తు పూర్వం 4004 అని అచ్చువేసి ఉన్న రోజుల్లో, ఇంటింటి పుస్తకాల అరలోకి ఈ బొమ్మ వచ్చి చేరింది. యుగాలనూ కల్పాలనూ కథల్లో విని పెరిగిన మనకు కోట్ల ఏళ్ళనే మాట అంత కొత్త కాదు. వాళ్ళకు అది కాళ్ళ కింది నేల జరిగిపోవడమే.

లయెల్ మూడో సంపుటం వచ్చిన ఏడాదే, 1833 సెప్టెంబరులో, ఆర్థర్ హాలమ్ అనే యువకుడు వియన్నాలో హఠాత్తుగా చనిపోయాడు. వయసు 22. టెన్నిసన్‌కు ప్రాణమిత్రుడు, టెన్నిసన్ చెల్లెలికి కాబోయే భర్త. ఆ దుఃఖంలో కవి చిన్న చిన్న ఖండికలు రాయడం మొదలుపెట్టి పదిహేడేళ్ళ పాటు రాస్తూనే పోయాడు. ఆ మధ్యలోనే లయెల్‌ను చదివాడు. 1850లో ఆ ఖండికలన్నీ 'ఇన్ మెమోరియమ్' పేరుతో వచ్చాయి. డార్విన్ గ్రంథం అప్పటికి ఇంకా తొమ్మిదేళ్ళ దూరంలో ఉంది.

ఆ కావ్యంలో 55, 56 ఖండికలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవాలి. 55లో కవి తన బాధకు ఒక సర్దుబాటు వెతుక్కుంటాడు. ప్రకృతి ఒక్కొక్క ప్రాణాన్ని లెక్కచేయకపోవచ్చు, యాభై విత్తనాల్లో ఒకటే మొలవవచ్చు, కానీ జాతిని మాత్రం జాగ్రత్తగా కాపాడుకుంటుంది కదా అంటాడు. నా స్నేహితుడు పోయినా మనిషి అనేవాడు నిలుస్తాడు కదా అన్న ఊరట అది. 56వ ఖండిక తన ఆ మాటనే తిరిగి పలుకుతూ, చివర ప్రశ్నార్థకం పెట్టి మొదలవుతుంది. 'జాతిని కాపాడుతుందా?' వెంటనే జవాబు: కాదు. నిట్టనిలువుగా తెగిన కొండ చరియ నుంచి, గనిలో తవ్విన రాతి నుంచి ప్రకృతి అరుస్తుంది, వేయి జాతులు పోయాయి, నాకు దేనితోనూ పని లేదు, అన్నీ పోతాయి అని. శిలాజాలు చెప్పిన వార్త అది. ఒక ప్రాణి చనిపోవడం అందరికీ తెలిసినదే. జాతికి జాతే చచ్చిపోవడం కొత్త సంగతి. కోరలూ గోళ్ళూ నెత్తురోడే ప్రకృతి అన్న సుప్రసిద్ధమైన మాట ఈ ఖండికలోదే. దాన్ని డార్విన్‌కు ముడిపెట్టి చెప్పేవాళ్ళు అది డార్విన్ కంటే ముందే ఒక స్నేహితుడి శోకంలోంచి వచ్చిందని గమనించరు. ప్రేమే దైవమని నమ్మి, గుడులు కట్టి, కీర్తనలు పాడిన మనిషి కూడా చివరికి ఎడారి దుమ్ములో ఎగిరిపోతాడా, ఇనుప కొండల్లో ముద్ర పడిపోతాడా అని కవి అడుగుతాడు.

ఛందస్సు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. మన ప్రాస పాదంలో రెండో అక్షరం దగ్గర ఉంటుంది, వాళ్ళది పాదం చివర. టెన్నిసన్ ఈ కావ్యమంతటా వాడిన నాలుగు పాదాల పద్యంలో రెండో పాదానికీ మూడో పాదానికీ ప్రాస కలుస్తుంది, మొదటి పాదం ప్రాస మాత్రం నాలుగో పాదం దాకా ఆగి కలుస్తుంది. అర్థం ముందుకు పోతూ ఉంటే ధ్వని వెనక్కి తిరిగివస్తుంది. దుఃఖంలో ఉన్న మనిషి నడక అలాగే ఉంటుంది. 123వ ఖండికలో, ఒకప్పుడు చెట్టు పెరిగిన చోట ఇప్పుడు లోతైన సముద్రం దొర్లుతోంది, కొండలు నీడల్లాగా ఒక రూపంలోంచి ఇంకో రూపంలోకి ప్రవహిస్తున్నాయి అని ఇదే పద్యంలో చెప్పాడు. అది లయెల్ సిద్ధాంతమే. దాన్ని నాలుగు పాదాల్లో ఇంత కచ్చితంగా ఏ శాస్త్రవేత్తా చెప్పలేదని నా నమ్మకం. 1861లో భర్తను పోగొట్టుకున్న విక్టోరియా రాణి బైబిలు తర్వాత తనకు ఓదార్పు ఈ కావ్యమేనని చెప్పింది. ఆ ఓదార్పులో భూగర్భశాస్త్రం ఎంత ఉందో చూడండి.

ఇదే రాయి మరో ఇరవై ఏళ్ళకు థామస్ హార్డీ నవలలో ఎదురవుతుంది. 1873లో పుస్తకంగా వచ్చిన 'ఎ పెయిర్ ఆఫ్ బ్లూ ఐస్'లో నైట్ అనే విద్వాంసుడు కార్న్‌వాల్ తీరంలో ఒక కొండ అంచు నుంచి జారి, చేతులతో పట్టుకుని వేలాడుతుంటాడు. కింద సముద్రం. ముఖానికి ఎదురుగా రాతిలో ఒక చిన్న శిలాజం, ట్రైలోబైట్ అనే, ఎప్పుడో అంతరించిపోయిన సముద్రజీవిది. దానికి కళ్ళున్నాయి. చచ్చి రాయైపోయిన ఆ కళ్ళు తనను చూస్తున్నట్టు అతనికి అనిపిస్తుంది. లక్షల లక్షల ఏళ్ళ ఎడం ఉన్న రెండు ప్రాణులు ఒకే మరణస్థలం దగ్గర కలుసుకున్నాయని హార్డీ అంటాడు. నైట్‌కు భూగర్భశాస్త్రం బాగా తెలుసు. ఆ క్షణంలో కాలమంతా అతని కళ్ళ ముందు మడత విసనకర్రలా ముడుచుకుంటుంది, యుగాలన్నీ ఒకేసారి కనిపిస్తాయి. అంత తెలిసినా ఆ తెలివి అతన్ని ఒక్క అంగుళం పైకి లాగలేదు. అతన్ని రక్షించింది ఎల్ఫ్రైడ్ అనే యువతి. తాను తొడుక్కున్న లోదుస్తులను చించి, ముడివేసి, తాడు పేని అతన్ని పైకి లాగింది. శాస్త్రజ్ఞానాన్ని హార్డీ తక్కువ చేయలేదు. ఆ కళ్ళు నిజమని ఒప్పుకున్నాడు. ఆ నిజంతో ముఖాముఖి అయిన మనిషికి ఇంకో మనిషి చెయ్యి కావాలని కూడా చూపించాడు.

ఇప్పుడు డార్విన్ దగ్గరికి వద్దాం. 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్' 1859 నవంబరు 24న వచ్చింది. తొలి ముద్రణ 1250 ప్రతులు. వాటిలో దాదాపు 500 తీసుకున్నది మ్యూడీ అద్దె గ్రంథాలయం. అంటే ఇంటిల్లిపాదికీ నవలలు అద్దెకిచ్చే చోటే జీవపరిణామ గ్రంథాన్నీ అద్దెకిచ్చింది. పాఠకుడు ఒక్కడే అని నేను ఇందాక అన్నది దీన్ని బట్టే. ఆ పాఠకుడి కోసం డార్విన్ ఎలాంటి వచనం రాశాడు? బీగిల్ ఓడ ప్రయాణంలో ఒడ్డు మీద తిరిగేటప్పుడు ఒక్క పుస్తకమే పట్టుకుపోగలిగితే మిల్టన్ కావ్యాన్నే ఎంచుకునేవాణ్ణని ఆత్మకథలో చెప్పుకున్నాడు. మనుగడ కోసం పోరాటమనే మాటను విశాలమైన అర్థంలో, రూపకంగా వాడుతున్నానని గ్రంథంలో తానే చెప్పాడు. ఎడారి అంచున ఎండకు తాళుకుని నిలిచే మొక్క కూడా పోరాడుతున్నట్టేనని వివరించాడు. చివరి పేరాలో ఆయన చూపించేది ఒక గట్టు. దాని మీద రకరకాల మొక్కలు అల్లుకుని ఉన్నాయి, పొదల్లో పిట్టలు కూస్తున్నాయి, పురుగులు అటూ ఇటూ ఎగురుతున్నాయి, తడిమట్టిలో వానపాములు పాకుతున్నాయి. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన ఇన్ని వింత రూపాలూ కొన్ని నియమాల వల్లే ఏర్పడ్డాయి అని చెప్పి, ఆ చూపులో ఒక మహత్వం ఉందంటాడు. లెక్కలూ పట్టికలూ కాక, ఒక గట్టును తేరిపార చూడటమే ఆ వాదానికి ముగింపు.

ఇంత రాసినవాడు ముసలితనంలో కవిత్వం రుచి పూర్తిగా పోయిందని బాధపడ్డాడు. షేక్‌స్పియర్‌ను చదవబోతే వికారం పుట్టిందట. కుప్పలు కుప్పలుగా వాస్తవాలను పోసి సూత్రాలు పిండే యంత్రంలా తన మనసు మారిపోయిందనీ, మళ్ళీ బతికితే వారానికి ఒక్కసారైనా కవిత్వం చదవడం, సంగీతం వినడం నియమంగా పెట్టుకుంటాననీ రాసుకున్నాడు. ఈ పేజీ ఎప్పుడు చదివినా నా మనసు కలుక్కుమంటుంది. ఆయనకు చివరిదాకా మిగిలినవి నవలలు. ఇంట్లోవాళ్ళు చదివి వినిపిస్తుంటే వినేవాడు, నవలాకారులందరినీ దీవించేవాడు.

శాస్త్రవేత్తకూ సాహిత్యకారుడికీ మధ్య పేచీలు లేవని నేననను. 1852లో మొదలైన 'బ్లీక్ హౌస్' నవలలో డికెన్స్ ఒక తాగుబోతు ముసలివాణ్ణి నిప్పు లేకుండా తనంతట తానే కాలి బూడిదైపోయినట్టు చిత్రించాడు. జార్జి హెన్రీ లూయిస్ అనే విమర్శకుడు శరీరశాస్త్రం తెలిసినవాడు. అది అసంభవమని పత్రికలో నిలదీశాడు. డికెన్స్ వినలేదు. అలాంటి ఉదంతాలు ముప్పై దాకా ఉన్నాయని పీఠికలో వాదించాడు. లూయిస్‌దే ఒప్పు, అందులో సందేహం లేదు. కానీ ఒక నవలలోని చావు శాస్త్రసమ్మతమా కాదా అని అచ్చులో వాదించుకునేంత దగ్గరగా ఆ రెండు లోకాలూ ఉన్నాయన్నది నాకు ముఖ్యం. హక్స్‌లీ 1880లో బర్మింగ్‌హామ్‌లో శాస్త్రవిద్యను సమర్థిస్తూ, కవీ విమర్శకుడూ అయిన మాథ్యూ ఆర్నల్డ్ 1882లో కేంబ్రిడ్జిలో సాహిత్యాన్ని సమర్థిస్తూ చేసిన ఉపన్యాసాల గురించి పాఠ్యపుస్తకాల్లో చాలా ఉంటుంది. ఇద్దరూ స్నేహితులేననీ, సాహిత్యమంటే గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ రాసినదీ న్యూటన్ రాసినదీ కూడా అని ఆర్నల్డ్ స్పష్టంగా చెప్పాడనీ మాత్రం అంతగా చెప్పరు.

అచ్చమైన పరిశోధన పత్రికలో కవి చేసిన పరిశీలన కూడా ఒకటి ఉంది. 1883 ఆగస్టులో ఇండొనీషియాలోని క్రాకటోవా అగ్నిపర్వతం పేలి ధూళి ప్రపంచమంతా వ్యాపించినప్పుడు, ఇంగ్లండులో నెలల తరబడి సాయంసంధ్యలు వింతగా ఎర్రబారాయి. లాంకషైర్‌లో పాఠాలు చెప్పుకునే జెరార్డ్ మ్యాన్లీ హాప్కిన్స్ అనే జెస్యూట్ మతగురువు ఆ రంగులను గమనించి 'నేచర్' పత్రికకు ఉత్తరాలు రాశాడు. మామూలు సంధ్యల తేటదనం ఈ ఎరుపులో లేదనీ, వాచి మండుతున్న మాంసంలా ఉందనీ వర్ణించాడు. ఆయన కవితలు పుస్తకంగా వచ్చింది ఆయన పోయిన 29 ఏళ్ళకు, 1918లో. ఆకాశం గురించి ఆయన రాసిన వచనాన్ని మాత్రం శాస్త్రవేత్తలు అప్పుడే చదివారు.

చివరగా నవలాకారిణి జార్జి ఎలియట్. అసలు పేరు మేరియన్ ఎవాన్స్. ఇందాక డికెన్స్‌ను నిలదీసిన లూయిస్ ఆమె జీవిత సహచరుడు. ఇద్దరూ సముద్రతీరాల్లో చిన్న చిన్న జలచరాలను ఏరుకుని సీసాల్లో పెంచి సూక్ష్మదర్శిని కింద చూసినవాళ్ళు. డార్విన్ గ్రంథం వచ్చిన కొద్ది రోజులకే చదివి, ఇది ఒక యుగాన్ని ప్రారంభిస్తుందని ఆమె స్నేహితురాలికి ఉత్తరం రాసింది. అదే ఉత్తరంలో, వస్తువులు ఎలా ఏర్పడ్డాయో చెప్పే ఏ వివరణ కన్నా ఆ ప్రక్రియల అడుగున ఉన్న రహస్యమే తనను ఎక్కువ కదిలిస్తుందని కూడా రాసింది.

1871, 72 సంవత్సరాల్లో వెలువడిన ఆమె 'మిడిల్‌మార్చ్'లో ఒక చోట, ఊళ్ళో పెళ్ళిళ్ళు కుదిర్చే ఒకావిడ తత్వాన్ని వివరించడానికి ఒక నీటిబొట్టును సూక్ష్మదర్శిని కింద పెడుతుంది. బలహీనమైన కటకంతో చూస్తే ఒక జీవి నోరు తెరుచుకుని ఉంటే, చిన్న జీవులు తమంతట తామే వెళ్ళి అందులో పడుతున్నట్టు కనిపిస్తాయి. కటకం శక్తి పెంచితే, ఆ జీవి చుట్టూ ఉన్న సన్నని నూగు నీటిలో సుడులు రేపి వాటిని లోపలికి లాగుతున్నదని తెలుస్తుంది. మనుషుల విషయంలోనూ మనం బలహీనమైన కటకంతో చూసి తీర్పు చెబుతున్నామని ఆమె అభిప్రాయం. ఇక్కడ శాస్త్రం నవలకు ఉపమానమైతే కాలేదు, పద్ధతి అయింది.

అందులోనే లిడ్గేట్ అనే యువవైద్యుడు ఉన్నాడు. చిన్నప్పుడు ఒక వానరోజున పొద్దుపోక ఒక విజ్ఞానసర్వస్వం సంపుటం దించి తెరిస్తే, గుండె కవాటాల గురించిన పేజీ వచ్చింది. కవాటమంటే తలుపు అని ఆ కుర్రవాడికి తెలుసు. ఆ తలుపు సందులోంచి వెలుగు పడింది. ఆ క్షణంలోనే అతని జీవితం నిర్ణయమైపోయింది. మన భాషలోనూ కవాటమంటే తలుపే కనుక, ఆ వాక్యం మనకు అనువాదం అక్కరలేకుండా తాకుతుంది. పెద్దయ్యాక అతను శరీరమంతటికీ మూలమైన ఒకే కణజాలం ఏదో కనిపెట్టాలని తపిస్తాడు. కథ జరిగేది 1829 నుంచి 1832 వరకు. జీవకణ సిద్ధాంతం రావడానికి ఇంకా కొన్నేళ్ళుంది. జవాబు తన కోసం ఎదురుచూస్తున్నది కానీ, ప్రశ్నను కొద్దిగా తప్పుగా అడిగాడని రచయిత్రి ఒక్క వాక్యంలో అంటుంది. నలభై ఏళ్ళ తర్వాతి శాస్త్రం తెలిసిన నవలాకారిణి మాత్రమే రాయగల వాక్యమది. కణజాలాన్ని అంత ఓపికగా పరిశీలించేవాడు భార్యను ఎంచుకోవడంలో ఆ పరిశీలనను పక్కన పెట్టేశాడు. అప్పులు, రాజీలు, చివరికి ధనవంతుల ఊళ్ళలో వైద్యం చేసుకుంటూ వాతరోగం మీద ఒక గ్రంథం రాసి యాభై ఏళ్ళకు చనిపోయాడు. పరిశోధన ఒక ఇంట్లో, ఒక పెళ్ళిలో, ఒక ఊరి రాజకీయాల మధ్య జరుగుతుందనీ, అక్కడే ఆగిపోతుందనీ ఇంత వివరంగా చూపిన రచన అంతకు ముందు ఇంగ్లీషులో ఉందని నేననుకోను.

1878 నవంబరులో లూయిస్ చనిపోయాడు. మనసును శరీరశాస్త్ర దృష్టితో పరిశీలిస్తూ ఆయన రాస్తున్న పెద్ద గ్రంథం సగంలో ఉండిపోయింది. ఆమె నెలల తరబడి ఎవరినీ చూడకుండా తలుపులు వేసుకుని, ఆయన రాతప్రతులు సరిచేసి, మిగిలిన సంపుటాలు అచ్చువేయించింది. ఆ తర్వాత తన నవలలు సంపాదించిన సొమ్ములోంచి తీసి, కేంబ్రిడ్జిలో శరీరశాస్త్రం పరిశోధించే యువతకు లూయిస్ పేర ఒక పరిశోధక వేతనం ఏర్పాటు చేసింది. 1880 డిసెంబరులో ఆమె కూడా పోయింది. ఆ వేతనం మాత్రం కొనసాగింది. దానితో చదువుకున్నవాళ్ళలో హెన్రీ డేల్ అనే యువకుడు ఒకడు. ఒక నాడి నుంచి వార్త రసాయన పదార్థం ద్వారా చేరుతుందని నిరూపించినందుకు ఆయనకు 1936లో మరొకరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

నమస్కారం.